బస్సుకొక దారి: త్వరిత బస్సు రవాణా వ్యవస్థ, బాగలూరు ప్రాంతపు అవసరం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల పండుగలో భాష గురించి, గురువుల గురించి, విద్య గురించి ప్రసంగించడం ఆచారం. ఈనాటి విషయం మాత్రం బస్సు. చదువుల సభలో బస్సుకేమి పని అని కొందరికి తోచవచ్చును. ఐతే ఈ పాఠశాలలో చదివిన వారిలో ఎందరో బేరికె వైపు నుండి, సర్జాపుర దారి నుండి, మాలూరు దారి నుండి వచ్చినవారే. కాలినడకన వచ్చినవారు ఉన్నారు, సైకిలు మీద వచ్చినవారు ఉన్నారు. తరువాతి తరాలవారు బస్సు మీదనే ఆధారపడ్డారు. పదవ తరగతి ముగిసిన పిమ్మట పై చదువుకు హోసూరు వెళ్లవలసినవారికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, చదువు సాగడం, ఆగిపోవడం అనేది సాయంకాలపు బస్సు వేళ మీద నిర్ణయమైన సందర్భాలు ఈ చుట్టుపట్ల ప్రతి గ్రామానికీ తెలుసు. కనుక బస్సు ఎట్లా నడుస్తుంది, వేగంగా, నమ్మకంగా నడవాలంటే ఏమి కావలెను అన్నది పాఠశాలకు సంబంధించిన ప్రశ్నయే.

ముందుగా ఈ ప్రాంతపు సంగతి. బాగలూరు, బేరికె, శూలగిరి, అంకుసగిరి ఒకప్పటి పాళెములు. డెబ్బై ఐదేళ్ల కిందట హోసూరు తాలూకా సేలం జిల్లాలో ఉండేది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ నేల మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. 1965లో ధర్మపురి జిల్లా, 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. 1970వ దశకంలో హోసూరులో పారిశ్రామిక వాడ వెలసింది. బస్సులకూ లారీలకూ పేరుపొందిన అశోక్ లేలాండ్ సంస్థ 1980లో ఇక్కడ కర్మాగారం నెలకొల్పింది. ఆ దశకంలోనే టైటాన్ గడియారాల కర్మాగారమూ వచ్చింది. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయినది. ఈ విధంగా ఊరు పెరిగింది. పని కోసం, చదువు కోసం, వైద్యం కోసం, కూరగాయలూ పూలూ అమ్ముకొనడం కోసం రోజూ హోసూరు దారి పట్టే జనం పెరిగారు. వాహనాలు అంతకు మించి పెరిగాయి. దారి వెడల్పు ఆ లెక్కన పెరగలేదు.

తమిళనాడులో ప్రైవేటు బస్సు రూట్ల జాతీయీకరణ 1970వ దశకం తొలి సంవత్సరాలలో ఊపందుకొన్నది. ప్రాంతానికొక రవాణా సంస్థ ఏర్పడింది. 1997లో ఆ సంస్థలలో చాలావాటికి వ్యక్తుల పేర్లు తొలగించి తమిళనాడు రాష్ట్ర రవాణా సంస్థ అనే ఒకే పేరు పెట్టారు. నేడు ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం ఆ సంస్థ సేలం విభాగం కింద ఉన్నది. తెలుగు నేలపై ప్రభుత్వ బస్సు ఇంకా ముందే మొదలైనది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో ఆరంభమైన శాఖయే 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. పల్లెకు బస్సు రావడం అంటే పల్లెకు వెలుగు రావడమే అన్న భావంతోనే కాబోలు, అక్కడి గ్రామీణ బస్సులకు పల్లెవెలుగు అని పేరు పెట్టారు.

ఇక అసలు విషయం. త్వరిత బస్సు రవాణా వ్యవస్థ, వాడుకలో బి.ఆర్.టి., దక్షిణ అమెరికాలో పుట్టింది. బ్రెజిల్ దేశంలోని కురిటిబా నగరానికి జైమీ లెర్నర్ అనే వాస్తుశిల్పి మేయరుగా ఉన్న కాలంలో, 1974లో, ముఖ్య రహదారుల నడుమ బస్సులకు మాత్రమే ప్రత్యేకించిన దారులు ప్రారంభమైనాయి. భూగర్భ రైలు వేయడానికి అవసరమైనంత ధనం ఆ నగరానికి లేదు. రైలుకు ఉండే సుగుణాలను బస్సుకే కల్పించలేమా అన్న ఆలోచన అక్కడ ఫలించింది. 2000 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటాలో, ఎన్రిక్ పెనలోసా మేయరుగా ఉండగా, ట్రాన్స్‌మిలెనియో అనే పేరుతో ఇంకా పెద్ద వ్యవస్థ ఆరంభమైనది. అటు తరువాత ఎన్నో దేశాలు ఆ బాటలో నడిచాయి.

రైలుకు ఉండే సుగుణాలు ఏవి? మొదటిది, దాని దారిలో మరొకటి అడ్డు రాదు. రెండవది, ప్రయాణికుడు టికెట్టు ముందే తీసుకొని స్టేషనులోనికి వస్తాడు. మూడవది, ప్లాట్‌ఫారమూ పెట్టె గడపా దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. నాల్గవది, రైలు ఎక్కడున్నదో నియంత్రణ కేంద్రానికి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. ఈ నాలుగింటినీ బస్సుకు అమర్చి, ముఖ్య కూడళ్లలో సిగ్నల్ వద్ద బస్సుకు ప్రాధాన్యమిచ్చి, చుట్టుపట్ల పేటల నుండి చిన్న బస్సులను తెచ్చి ఆ స్టేషన్లకు కలిపితే అదే త్వరిత బస్సు రవాణా వ్యవస్థ. కొత్త బస్సులు కొని రంగు వేసినంత మాత్రాన అది ఏర్పడదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక స్టాపులో నలభై మంది ఎక్కవలసి ఉన్నదనుకోండి. ఒకే వాకిలి, ఎత్తైన మెట్లు. మనిషికి మూడు సెకన్లు పట్టినా రెండు నిమిషాలు గడుస్తాయి. అదే ప్లాట్‌ఫారము బస్సు ఎత్తుకు సమంగా ఉండి, రెండు వెడల్పైన వాకిళ్లు ఉండి, టికెట్టు పని ముందే ముగిసి ఉంటే, ఒక్కొక్క వాకిలి నుండి ఇరవై మంది, మనిషికి ఒకటిన్నర సెకన్ల చొప్పున, అర నిమిషంలో ఎక్కగలరు. ఒక్క స్టాపులో ఒకటిన్నర నిమిషం మిగిలింది. అటువంటి రద్దీ స్టాపులు పది ఉంటే పదిహేను నిమిషాలు మిగిలినట్లే. బస్సు ఇంజను శక్తి పెరగలేదు. డ్రైవరు తొందరపడలేదు. ప్రయాణం మాత్రం త్వరగా ముగిసింది.

రెండవ లెక్క ఇంకా ముఖ్యమైనది. ఒక ఊరి నుండి పట్టణానికి బస్సు వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు, రెండు కొసలలోనూ ఐదేసి నిమిషాల విరామం అనుకోండి. ఒక చుట్టు పూర్తికావడానికి తొంభై నిమిషాలు. మూడు బస్సులుంటే అరగంటకు ఒకటి నడుస్తుంది. రద్దీ చిక్కులు తొలగి అదే ప్రయాణం ఇరవై ఐదు నిమిషాలకు తగ్గితే చుట్టు అరవై నిమిషాలలో పూర్తవుతుంది. అవే మూడు బస్సులతో ఇరవై నిమిషాలకు ఒకటి నడపవచ్చును. పన్నెండు గంటల పనిదినంలో ఇరవై నాలుగు ట్రిప్పులు ముప్పై ఆరవుతాయి. కొత్త బస్సు ఒక్కటీ కొనలేదు. కొత్త డ్రైవరును నియమించలేదు. బస్సుకు అడ్డం లేకుండా చేస్తే డిపోకు బస్సులు అదనంగా ఇచ్చినట్లే అన్న సత్యాన్ని ఈ లెక్క తెలుపుతుంది.

వేళ తప్పడం వలన కలిగే నష్టం మరొకటి ఉన్నది. ఒక బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే తరువాతి స్టాపులో ఎక్కువ మంది చేరి ఉంటారు. వారందరూ ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనుక వచ్చే బస్సుకు జనం మిగలరు. అది త్వరగా నడిచి ముందు బస్సును అందుకొంటుంది. గంటసేపు బస్సే లేక, ఒకేసారి రెండు బస్సులు జంటగా రావడం అందరికీ అనుభవమే. ఇది కండక్టరు తప్పూ కాదు, డ్రైవరు తప్పూ కాదు. దారిలో మొదట పుట్టిన చిన్న అడ్డంకి స్టాపు స్టాపుకూ పెరగడం వలన కలిగిన ఫలితం. నియంత్రణ కేంద్రం ఉంటే ఒక బస్సును కాసేపు ఆపి, మరొక దానిని ముందుకు పంపి ఎడం సరిచేయగలదు.

మన దేశంలో ఈ వ్యవస్థకు ఊతమిచ్చినది 2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాక మనుషులను చేరవేయడమే రోడ్డు ప్రయోజనమని ప్రకటించింది. నిమిషానికొక బస్సు, బస్సుకు అరవై మంది చొప్పున వెళితే ఒక వరుసలో గంటకు 3,600 మంది ప్రయాణిస్తారు. కారుకు సగటున ఒకటిన్నర మంది అనుకొంటే అంతమందికి 2,400 కార్లు కావలెను. ఒకే వరుసలో, సిగ్నళ్లు దాటుకొంటూ, గంటకు అన్ని కార్లు వెళ్లడం జరగని పని. ఆ విధానం వెనుక ఉన్న న్యాయం ఇదే.

అనుభవం మాత్రం అన్ని నగరాలలోనూ ఒకే విధంగా లేదు. అహ్మదాబాదులో 2009లో జన్‌మార్గ్ పేరుతో మొదలైన వ్యవస్థ క్రమంగా విస్తరించి నిలిచింది. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర వేసిన దారికి కార్ల యజమానుల నుండి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. దానిని తొలగించాలన్న వ్యాజ్యాన్ని ఉన్నత న్యాయస్థానం 2012లో కొట్టివేసినప్పటికీ, 2016లో ప్రభుత్వమే దానిని తొలగించింది. దారి మరీ చిన్నది. చిన్న ముక్కలో మాత్రమే లాభం చూపితే ప్రజలకు ఆ లాభం కంటికి కనబడదు, ఇబ్బంది మాత్రం కనబడుతుంది.

తెలుగు నేలపై విశాఖపట్నం, విజయవాడలు ఈ ప్రయత్నం చేశాయి. విశాఖలో పెందుర్తి నుండి నగరానికి రెండు మార్గాలు నిర్ణయించారు. ఒకటి ఎన్.ఏ.డి. కూడలి మీదుగా, రెండవది సింహాచలం, హనుమంతవాక మీదుగా. రెండూ కలిసి సుమారు నలభై కిలోమీటర్లు. రహదారి వెడల్పైనది, నడుమ బస్సుల దారీ ఏర్పడింది. కాని సింహాచలం వైపు కొంత భాగం భూసమస్యల వలన సంవత్సరాల తరబడి అసంపూర్తిగా ఉండిపోయింది. పూర్తయిన చోట ఇతర వాహనాలు బస్సుల దారిలోనికి చొరబడడం ఆగలేదు. విజయవాడలో వ్యవస్థ నిలదొక్కుకొనలేదు. ఆ దారులు అందరి దారులయ్యాయి. బి.ఆర్.టి.ఎస్. రోడ్డు అన్న పేరు మాత్రం ఊరి నోట మిగిలింది. రోడ్డు వేయడం ఇంజనీరు పని. ఆ రోడ్డు మీద బస్సుకున్న హక్కును ప్రతిదినం కాపాడడం పాలన పని. రెండవది లేనిచోట మొదటిది వృథా అవుతుందని ఈ రెండు నగరాల అనుభవం చెబుతున్నది.

బాగలూరు వంటి ప్రాంతానికి వీటన్నింటికంటె దగ్గరి ఉదాహరణ పొరుగున ఉన్న కర్ణాటకలో కలదు. హుబ్బళ్లి, ధారవాడ రెండు ఊళ్లు. నడుమ నడిచే జనం వేలాది మంది. ఆ రెండింటినీ కలుపుతూ సుమారు 22 కిలోమీటర్ల ప్రత్యేక బస్సు దారి నిర్మించారు. 2018 అక్టోబరులో ప్రయోగాత్మకంగా బస్సులు నడిచాయి. 2020 ఫిబ్రవరి 2న నాటి ఉపరాష్ట్రపతి, తెలుగువారైన శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు దానిని లాంఛనంగా ప్రారంభించారు. ఆ బస్సులకు చిగరి అని పేరు పెట్టారు. కన్నడంలో చిగరి అంటే జింక. అక్కడ స్టేషన్ల వద్ద ఒక బస్సును మరొక బస్సు దాటిపోవడానికి అదనపు వరుస ఉన్నది. అందువలన అన్ని స్టేషన్లలో ఆగే బస్సులూ, కొన్నింటిలో మాత్రమే ఆగే వేగపు బస్సులూ ఒకే దారిలో నడవగలవు. నగరాన్ని నగరంతో కలపడానికి ఈ అమరిక ప్రాణం వంటిది. ఇతర వాహనాలకు మిగిలిన దారి ఇరుకైనదన్న ఫిర్యాదు అక్కడా వచ్చింది. ఏ మేలూ ఖర్చు లేకుండా రాదు.

హోసూరు, బెంగళూరుల సంబంధం ఇంతకంటె గాఢమైనది. కాని నడుమ రాష్ట్రపు సరిహద్దు ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో ఇచ్చిన పర్మిటు మరొక రాష్ట్రంలో చెల్లాలంటే ఆ రాష్ట్రపు అధికారి దానిపై ప్రతిసంతకం చేయవలెను. ఏ రూటులో ఎన్ని బస్సులు, ఎన్ని ట్రిప్పులు అన్నది రెండు రాష్ట్రాల ఒప్పందం నిర్ణయిస్తుంది. అందువలన సరిహద్దు దగ్గరి ఊళ్లలో జనం అవసరం ఒక దిక్కున, బస్సు రూటు మరొక దిక్కున ఉండే అవకాశం ఎక్కువ. బాగలూరు నుండి సర్జాపురకు, మాలూరుకు వెళ్లే దారుల విషయంలో కూడా ఇదే సూత్రం. 2025 ఆగస్టులో బెంగళూరు మెట్రో పసుపు మార్గం ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు తెరచుకొన్నది. హోసూరు వైపు నుండి వచ్చేవారికి రైలు దగ్గరైనది నిజమే. ఐతే బాగలూరు మనిషి ఆ స్టేషను చేరేది బస్సులోనే. మెట్రో పొడవు పెరిగే కొలదీ దానిని పోషించే బస్సు అవసరమూ పెరుగుతుంది.

బాగలూరు దారిలో నడుమ ప్రత్యేకమైన బస్సు దారి వేయడానికి వెడల్పు లేదు. వేయాలని కోరడమూ సమంజసం కాదు. ఐతే ఆ వ్యవస్థలోని సూత్రాలు చిన్న దారికీ వర్తిస్తాయి. హోసూరు ఊరిలోనికి ప్రవేశించే ఒకటి రెండు కూడళ్లలో ఉదయం సాయంకాలం బస్సుకు ముందు దారి ఇవ్వడం, స్టాపు ముందు ఆటోలు, బండ్లు నిలుపకుండా చూడడం, బస్సు చేరే సరికి జనం వరుసగా నిలిచేట్లు స్టాపును తీర్చడం, రద్దీ వేళ టికెట్టు ముందుగా ఇచ్చే ఏర్పాటు చేయడం, ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. హోసూరుకూ బాగలూరుకూ నడుమ పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. ఇంత చిన్న దారిలో పది నిమిషాలు మిగిలినా రోజుకు కొన్ని ట్రిప్పులు అదనంగా చేతికి వస్తాయి.

ఇక్కడ తెలుగు చదువు సంగతి చెప్పక తప్పదు. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఆ విద్యా సంవత్సరంలో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున, తమిళం విధిగా చదువవలసిన పాఠ్యాంశమైనది. ఈ నేల మీద బ్రతికేవారికి తమిళం రావడం అవసరమే, అందులో సందేహం లేదు. ఐతే తల్లి భాషలో చదవాలన్న కోరిక ఉన్న బిడ్డకు తెలుగు మాధ్యమ తరగతి ప్రతి గ్రామంలోనూ దొరకదు. పిల్లలు తక్కువైన కొలదీ తరగతులు దూరమవుతాయి. తరగతులు దూరమైన కొలదీ బస్సు మీద ఆధారం పెరుగుతుంది. ఉదయపు బస్సు వేళకు రాకపోతే, ఆ ఊరి తల్లిదండ్రులు బిడ్డను ఇంటి ముందుకు వ్యాను పంపే వేరొక బడిలో చేర్పిస్తారు. వారిని నిందించడానికి వీలులేదు. ఒక తరగతిలో ఐదుగురు తగ్గితే ఆ తరగతి మనుగడకే ముప్పు. భాషాభిమానం గురించి ఎన్ని సభలు చేసినా, ఎనిమిదిన్నరకు రావలసిన బస్సు తొమ్మిదింబావుకు వస్తే ఆ అభిమానం ఓడిపోతుంది.

రుసుము నేడు పెద్ద అడ్డంకి కాదు. విద్యార్థులకు ఉచిత ప్రయాణపు పాసు ఉన్నది. 2021 మే నుండి తమిళనాడులో సాధారణ ఛార్జీల టౌన్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. కర్ణాటకలో 2023 జూన్‌లోను, తెలంగాణలో 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోను అటువంటి పథకాలే వచ్చాయి. కనుక ఆడపిల్ల చదువుకు ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఛార్జీ ఎంత అన్నది కాదు, బస్సు ఎప్పుడు అన్నది. చీకటి పడేలోపు ఇల్లు చేరుతుందన్న నమ్మకం తల్లికి ఉంటే ఆ అమ్మాయి ప్లస్ టూ చదువుతుంది, కళాశాలకూ వెళుతుంది. ఆ నమ్మకాన్ని ఇచ్చేది వేళ తప్పని బస్సు ఒక్కటే.

ఇందుకు పాఠశాల చేయగల పని ఉన్నది. బస్సు సరిగా రావడం లేదన్న మాట ఎన్నిసార్లు చెప్పినా అది మాటగానే మిగులుతుంది. దానిని లెక్కగా మార్చవలెను. ఒక నెలపాటు పై తరగతుల విద్యార్థులు ప్రతి రూటుకు ఒక నోటుపుస్తకం పెట్టి, బస్సు రావలసిన వేళ, వచ్చిన వేళ, ఎక్కలేక మిగిలిపోయిన పిల్లల సంఖ్య వ్రాసి ఉంచవచ్చును. సగటు ఆలస్యం ఎంత, ఏ రోజున ఎక్కువ, ఏ స్టాపు దగ్గర మొదలవుతున్నది అన్నది గణిత తరగతిలోనే తేల్చవచ్చును. డిపోలో కండక్టరు వ్రాసే ట్రిప్పుల లెక్క ఉంటుంది. అవసరమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ వివరాలు కోరే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, బడి వేళకు తగినట్లు ఏ ట్రిప్పు ఎన్ని నిమిషాలు మార్చవలెనో స్పష్టంగా వ్రాసి, తల్లిదండ్రుల సంఘం తరఫున హోసూరు డిపో అధికారికి, జిల్లా కలెక్టరు గారికి అందజేస్తే, ఆ అర్జీకి ఉండే విలువ వేరు. అడిగేది కొత్త బస్సు కాక, ఉన్న బస్సు వేళలో పదిహేను నిమిషాల మార్పు అయినప్పుడు అధికారికి కాదనడం కూడా కష్టం.

పూర్వ విద్యార్థులలో హోసూరు కర్మాగారాలలో పనిచేసేవారు ఉన్నారు. షిఫ్టు వేళలు వారికి తెలుసు. బడి వేళ, షిఫ్టు వేళ ఒకే ట్రిప్పు మీద పడితే పిల్లలకు నిలిచే చోటు ఉండదు. ఆ వేళల పట్టిక వారు సమకూర్చి ఇస్తే అర్జీకి మరింత బలం చేకూరుతుంది. న్యాయశాస్త్రం చదివినవారు, ఇంజనీర్లయినవారు, ప్రభుత్వ ఉద్యోగాలలో ఉన్నవారు తలా ఒక చేయి వేయవచ్చును. పాఠశాలకు భవనం కట్టించడం ఎంత పుణ్యమో, ఆ భవనంలోనికి పిల్లలు వేళకు చేరే దారి చూపడం కూడా అంతే పుణ్యం.

కురిటిబా నగరం ధనం లేనందువలన ఆలోచించింది. బాగలూరుకూ ధనం తక్కువే, ఆలోచనకు మాత్రం కొదవ లేదు. వచ్చే విద్యా సంవత్సరం ఆరంభమయ్యే జూన్ లోపుగా ఒక నెల లెక్క సిద్ధమైతే, ఆ సంవత్సరం ఒకటవ తరగతిలో చేరబోయే పిల్లల సంఖ్య మీదనే దాని ఫలితం కనబడుతుంది. ఆ పనికి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు ఏకమగుదురు గాక. ఈ విద్యాలయం శతవార్షికోత్సవం జరుపుకొనే నాటికి ప్రతి గ్రామం నుండీ పిల్లలు వేళకు వచ్చి, వేళకు ఇల్లు చేరుదురు గాక.

స్వస్తి.